గొణుగుడమ్మ రాయి మీద కూర్చునే హక్కు

ఈ కాగితం చదవబోయే నా వారసులకూ, దీన్ని అమలు చేస్తానని నోరు జారి ఇప్పుడు విచారిస్తున్న నా మిత్రుడు దర్జీకీ తెలియజేయడమేమనగా:

నేను, బస్సులు మలుపు తిరిగే చోట రేకుల షెడ్డులో సైకిళ్ళు బాగుచేసి బతికినవాడిని, వయసు డెబ్బై తొమ్మిది, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతం గానీ బుజ్జగింపు గానీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు నేను రాసినవీ, రాస్తానని బెదిరించినవీ ఇందుమూలంగా రద్దు.

బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు గారి చేత రాయించి దీనికి జతచేశాను. ఎందుకంటే నాకు మతి చలించిందని మా అబ్బాయి ఊరంతా చెప్పుకొస్తున్నాడు. దానికి అతను చూపే రుజువు, నేను గుట్ట మీది కంచె దాటి లోపలికి వెళ్ళడం. డాక్టరు గారు ఇవాళ ఏం వారమని అడిగారు, చెప్పాను. వందలోంచి ఏడు తీసెయ్యమన్నారు, తీసేశాను. కంచె ఎందుకు దాటావని అడిగారు. అటువైపుకు వెళ్ళడానికన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టారు.

ఆస్తుల వివరాల్లోకి వెళ్ళేముందు గుట్ట సంగతి చెప్పాలి. వీలునామాలో ఇదంతా అక్కర్లేదని ప్లీడరు గారి అభిప్రాయం. ఆయన అభిప్రాయాన్ని గౌరవిస్తూ రాయమని చెబుతున్నాను.

మా ఊరి వెనక గుట్ట మీద వరసగా కొన్ని రాళ్ళున్నాయి. మోకాలెత్తువి కొన్ని, నడుమెత్తువి కొన్ని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అవి కూర్చునే రాళ్ళు. ఇంటికి ఒకటో రెండో ఉండేవి. పొద్దు వాలాక గుట్టెక్కి ఎవరి రాయి మీద వాళ్ళు కూర్చుని, కింద ఎవరింట్లో పొగ లేచింది, ఎవరి మేక ఎవరి చేలో పడింది, ఎవరు తలుపు వెయ్యడం మర్చిపోయారు అని చూసేవాళ్ళం. ఊళ్ళో సగం తగాదాలు అక్కడే పుట్టేవి, మిగతా సగం అక్కడే చల్లారేవి. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు వంటిల్లు చూపించిన రోజే రాయి కూడా చూపించేవాళ్ళు. ఒకరి రాయి మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. ఆ ఇంటివాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయినా వాళ్ళ రాయి ఖాళీగానే ఉండేది. ఇది ఆచారమని ఎవరైనా అంటే మాకు నవ్వొచ్చేది. మర్యాద అనుకునేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట ఒక పరిశోధకురాలు వచ్చింది. ఒక వేసవంతా గొడుగు కింద మోకాళ్ళ మీద కూర్చుని చిన్న బ్రష్షుతో మట్టి ఊడ్చి, అవి మూడు వేల ఏళ్ళ నాటి సమాధి రాళ్ళని తేల్చింది. ఒక్కోదాని కింద ఒక్కో మనిషి. ఎముకలు నేనూ చూశాను, ఆవిడ మాటతో నాకు పేచీ లేదు. తరతరాలుగా ఎవరి నెత్తి మీదో కూర్చున్నామని తెలిసి ఊరు మొదట సిగ్గుపడింది. ఆ వారం తిరక్కుండా గర్వపడింది. ఆ గర్వం చల్లారకముందే సంఘం పెట్టింది. దానికి ఊరి చారిత్రక సంపద పరిరక్షణ సంఘమని పేరు, మా అబ్బాయి అధ్యక్షుడు.

ఆవిడ వెళ్ళిపోయిన తర్వాత పురావస్తు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, బోర్డు రాయడానికి. ఒక్కో రాయి దగ్గరా ఆగి దీని పేరేమిటి, దాని పేరేమిటి అని అడిగారు. ప్యాంటు వేసుకున్న మనిషి కాగితం పట్టుకుని అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని జబ్బు మావాళ్ళకుంది. ఎవరు దేని మీద కూర్చుంటారో ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది నిద్రమొహం రాయండి. అది తంపులమారి రాయండి. ఆ చివర్లోది గొణుగుడమ్మ రాయండి. అబద్ధం ఒక్కటి కూడా లేదు. వచ్చినవాళ్ళూ ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నారు. ఇంత నిజాయితీగా ఇంత పెద్ద పొరపాటు జరగడం నేనెక్కడా చూడలేదు.

బోర్డు వచ్చింది. దాని ప్రకారం నిద్రమొహం రాయి ఒక మహామునిది, ఆయన కళ్ళు మూసుకుని లోకాన్ని మరిచేవాడు. నిద్రమొహం నాకు తెలుసు. పిండిమర నడిపేవాడు, మధ్యాహ్నం తిన్నది అరిగేదాకా గుట్ట మీద గురక పెట్టేవాడు. లోకాన్ని మరిచాడన్న మాట మాత్రం నిజం, మర ఆపకుండా వచ్చేసేవాడు. తంపులమారి రాయి దగ్గర పూర్వం యుద్ధాలు ప్రకటించేవారట. ఇక గొణుగుడమ్మ. ఆమె ప్రాచీన కాలపు వాక్కు దేవత, మెల్లగా పలికే ఆమె మాటల్లో భవిష్యత్తు ఉంటుందని స్థానికుల నమ్మకం.

ఆ స్థానికుల్లో నేనొకణ్ణి. ఆమె నా భార్య. ఆమె మెల్లగా పలికే మాటల్లో భవిష్యత్తు కంటే గతం ఎక్కువ. అందులోనూ పెళ్ళయిన కొత్తలో నేను వాళ్ళన్నయ్యతో అన్న ఒక మాట చాలా ఎక్కువ.

ఇక పంపకాలు.

1. నా స్వార్జితమైన మూడు గదుల పెంకుటిల్లు నా తదనంతరం మా అబ్బాయికి చెందాలి. అతను ఎలాగూ అందులోనే ఉంటున్నాడు, నేను ఖాళీ చేయడమే మిగిలింది. కానీ వీధివైపు గది, అంటే మా ఆవిడ పగలంతా మసిలిన గది, మా అమ్మాయి ఎప్పుడు వచ్చినా ఆమెది. అందులో ఎరువుల బస్తాలు పెట్టకూడదు. తాత్కాలికంగా కూడా పెట్టకూడదు. మా అబ్బాయి తాత్కాలికంగా పెట్టిన బస్తాలు నా మంచం కింద నాలుగేళ్ళుగా ఉన్నాయి.

2. సైకిలు షెడ్డు, నేల పంపు, చేతి పంపు, రెంచీలు, ట్యూబు ముంచి చూసే నీళ్ళ తొట్టి, గోడకు వేలాడే పాత రిమ్ములు, వీటన్నిటినీ నా దగ్గర పాతికేళ్ళు పనిచేసి, ఇప్పటికీ చైను ఎక్కించేటప్పుడు నాలుక బయటపెట్టే ప్యాచీల వాడికి సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. సైకిళ్ళకు కాలం చెల్లిందని అందరూ అతనికి చెబుతున్నారు. నాకూ చెప్పారు, నా పెళ్ళికి ముందు. షెడ్డు రేకు మీద "చారిత్రక స్థలానికి దారి" అని సంఘం వాళ్ళు కొట్టిన బాణం గుర్తును అతను ఉంచుకోవచ్చు, తీసెయ్యవచ్చు. తిప్పి పెడితే మాత్రం నా ఆత్మ సంతోషిస్తుంది.

3. మా అబ్బాయికి, ఇల్లు కాక, నా గదిలో ఉన్న ఫ్రేము కట్టిన ఫోటో కూడా ఇస్తున్నాను. దాన్ని తన ఎరువుల దుకాణంలో గల్లాపెట్టె ఎదురుగా, తన కంటికి ఆనేలా తగిలించుకోవాలి.

ఒరే అబ్బాయీ, అది గుట్ట ప్రారంభోత్సవం నాటి ఫోటో. నువ్వు కొత్త చొక్కా వేసుకుని కర్రతో గొణుగుడమ్మ రాయి చూపిస్తున్నావు. ఎడమ అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది, చూశావా. అది మీ అమ్మది. నువ్వు దేవత మహిమ గురించి ప్రసంగిస్తుంటే ఆవిడ నీ పక్కనే నిలబడి, ఎండలో ఇంతసేపు మాట్లాడితే గొంతు పోతుంది, ఎవరైనా మంచినీళ్ళివ్వండర్రా అని గొణుగుతోంది. ఫోటో తీసేవాడు, "అమ్మా, కాస్త పక్కకు జరగండి, దేవత కనబడట్లేదు" అన్నాడు. ఆవిడ జరిగింది.

ఆ మర్నాటి నుంచి గుట్టకు టికెట్టు పెట్టారు. ఊరివాళ్ళకు సగం ధర అని సంఘం ఔదార్యం చూపించింది. తనను తాను చూసుకోవడానికి టికెట్టు కొన్న దేవత మా ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివి, "వాక్కు దేవతట. ఇన్నేళ్ళు ఇంట్లో మాట్లాడితే ఒక్కరూ చెవిన పెట్టలేదు, ఇప్పుడు డబ్బిచ్చి వింటారట" అంది. అక్కడున్నవాళ్ళం అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

4. గుట్ట మీద ఈల పట్టుకుని తిరిగే కాపలావాడికి నా వానకోటు, మంచి టార్చిలైటు ఇస్తున్నాను. అతను పొరుగూరి వాడు, కొత్తగా పనిలో చేరాడు, ఎవరెవరో తెలియదు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి గుట్టెక్కి, ఎప్పటిలాగే వెళ్ళి తన రాయి మీద కూర్చోబోతే ఈల ఊదాడు.

"అమ్మా, అది గొణుగుడమ్మగారి రాయి. దాని మీద ఎవరూ కూర్చోకూడదు."

"నేనే గొణుగుడమ్మని నాయనా."

"అందరూ ఏదో ఒకటి చెబుతారమ్మా. ఇవతలికి రండి."

పాపం అతని తప్పేమీ లేదు, చెప్పిన పని చేశాడు. మా ఆవిడ పోయిన రోజు మా ఇంటికొచ్చాడు. వాకిట్లో చెప్పులు విప్పి, చాలాసేపు ఆవిడ మొహం చూసి, నా దగ్గరకొచ్చి, "అయ్యా, గొణుగుడమ్మగారంటే నిజంగా ఈవిడేనా" అని అడిగాడు. అవునన్నాను. అతను ఈలను జేబులో పెట్టుకుని గోడవారగా కూర్చుండిపోయాడు. సాయంత్రం దాకా లేవలేదు. ఆ రోజు మా ఇంటికి వచ్చిన సంఘం సభ్యుల్లో ఒక్కరూ అంతసేపు కూర్చోలేదు కాబట్టి, వాళ్ళకు వానకోటు ఇవ్వడం లేదు.

5. పరిశోధకురాలికి నా షెడ్డులోని ఇనుప స్టూలు. మా కూర్చునే చోటు పోవడానికి ఆవిడే కారణం కనుక, ఆవిడకొక కూర్చునే చోటు ఇవ్వడం న్యాయమనిపించింది. ఇది మొదట వెటకారంగానే రాయించాను. తర్వాత ఆవిడ ఒకసారి గుట్ట చూడటానికి వస్తే, రాళ్ళ మీద కూర్చుంటే అరిగిపోతాయట కదా, మా అబ్బాయి అంటున్నాడు, అని నిలదీశాను. ఆవిడ కంచెను ఒక చూపు చూసి, "మీరు కూర్చున్నారు కాబట్టే ఇవి ఇంకా ఇక్కడ ఉన్నాయండీ. మిగతా ఊళ్ళలో పగలగొట్టి గోడలు కట్టుకున్నారు. నేను బోర్డు పెట్టమన్నాను గానీ, కంచె వెయ్యమనలేదు" అంది. కాబట్టి స్టూలు వెటకారం కాదు, మర్యాదగానే ఇస్తున్నాను. ఒక కాలు కాస్త పొట్టి, కింద అట్టముక్క పెట్టుకోవాలి.

6. పట్నంలో ఆసుపత్రి నర్సుగా పనిచేసే మా అమ్మాయికి వాళ్ళమ్మ కళ్ళజోడు, దాని డబ్బా, ఊలు శాలువా, వాటితో పాటు అలమరా పై అరలో ఉన్న గుండీల సీసా. ఆ సీసాలో ఏ రెండు గుండీలూ ఒకలాంటివి ఉండవు. అవన్నీ ఎప్పుడో పనికొస్తాయని వాళ్ళమ్మ దాచింది. నాకు తెలిసి ఒక్కటీ పనికిరాలేదు. పారెయ్యమని నేను చెప్పిన ప్రతిసారీ, ముందు నిన్ను పారేస్తానంది.

అమ్మాయీ, చివరి వారం నువ్వు సెలవు పెట్టి వచ్చి ఆవిడ తల దువ్వావు. ఆ రోజుల్లో ఆవిడ నీ మీద ఒక్క మాట కూడా గొణగలేదు. అప్పుడే నాకు భయమేసింది.

7. తంపులమారి వదినకు, అంటే మా అన్నయ్య భార్యకు, నా రేడియో. తన రాయి దగ్గర యుద్ధాలు ప్రకటించేవారని బోర్డు మీద ఉందని ఎవరో చదివి చెబితే ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "తప్పేం రాశారు?" అంది. బోర్డు పెట్టాక ఆవిడ హోదా పెరిగింది, కూరగాయల కొట్టువాడు బేరమాడకుండా ఇచ్చేస్తున్నాడు. వదినా, రేడియోలో ఎదుటివాళ్ళ మాట వినడం తప్ప జవాబు చెప్పే వీలుండదు. ఈ వయసులో అలవాటు చేసుకో.

8. ఇక అసలు ఆస్తి.

గుట్ట మీద చివరి మూడు రాళ్ళతో సహా ఎకరం చిల్లర బీడు నా పిత్రార్జితం. గుట్టెక్కే దారీ, గేటూ అందులోనే ఉన్నాయి. హద్దులు: తూర్పున నిద్రమొహం వారసుల గడ్డిబీడు, పడమట వాగు, ఉత్తరాన మిగతా రాళ్ళు, దక్షిణాన గుట్ట దిగువన ఊరు మొత్తం. సంఘం కంచె నా బీడును కూడా చుట్టేసింది, అడిగితే చరిత్ర కోసమన్నారు. ఈ బీడును నేను సంఘానికి మాటసాయంగా వాడుకోనిచ్చాను తప్ప అమ్మలేదు, రాసివ్వలేదు. ఎవరి చేతిలో పడితే వాళ్ళ ఇష్టం. ఇంట్లో మూడేళ్ళుగా అన్నం మెతుకు మింగుడు పడకపోవడానికి ఇదే కారణం.

మా అబ్బాయి ఉద్దేశం నాకు తెలుసు. అతను చెప్పాడు, ప్లాను కూడా చూపించాడు. అక్కడ విడిది గదులు కడతాడట, కింద అంతస్తులో భోజనశాల, పైన గొణుగుడమ్మ పేరుతో పెద్ద గది, కిటికీలోంచి రాయి కనబడుతుంది. ఆ గదిలో ఒక రాత్రి పడుకుంటే దేవత కలలో మాట్లాడుతుందని రాయించవచ్చట. నాయనా, ఆవిడతో యాభై మూడేళ్ళు ఒకే గదిలో పడుకున్నాను. కలలోకి రానవసరం లేకుండానే మాట్లాడేది.

ఇంతకీ నా కోపం విడిది గురించి కాదు. అది దాచుకోను, ఇక్కడే రాయిస్తాను. చివరి చలికాలం మా ఆవిడ అతన్ని పిలిచి, "ఒరే, ఒక్కసారి పైకి తీసుకెళ్ళరా. కాసేపు కూర్చుని వచ్చేస్తా" అంది. అతను నీళ్ళు నమిలి, "రూలంటే రూలేనమ్మా. నేనే తప్పితే ఊళ్ళో ఎవరు వింటారు? కావాలంటే పక్కన కుర్చీ వేయిస్తా" అన్నాడు. వేయించాడు కూడా, ప్లాస్టిక్కుది. ఆవిడ గుట్టెక్కి, ఆ కుర్చీ వైపు చూసి, ఇంటికి పదండి అంది. వానలు పడేలోపు పోయింది. తన రాయి మీద మళ్ళీ కూర్చోకుండానే పోయింది. అబ్బాయీ, ఇది నాకు క్షమించడం చేతకాలేదు. ప్రయత్నించాను. ఆ ప్రయత్నంలోనే కంచె దాటడం మొదలుపెట్టాను.

అందుకే ఈ వీలునామా మొదటి ప్రతిలో ఈ చోట వేరే సంగతి ఉండేది. గొణుగుడమ్మ అనే దేవత లేదనీ, ఆమె సైకిలు రిపేరువాడి భార్య అనీ, మిగతా పేర్లన్నీ కూడా ఊరివాళ్ళవేననీ, ఈ సంగతిని బోర్డు రాయించిన ఆఫీసుకూ పత్రికలకూ తెలియజేసి, నా బీడులోంచి కంచె పీకించి, దారి మూసెయ్యాలనీ దర్జీకి అధికారమిస్తూ రాయించాను. ప్లీడరు గారు దాన్ని ఎంతో గట్టిగా రాశారు. దానితో సంఘం మూతబడేది. మా అబ్బాయి ఊళ్ళో తలెత్తుకోలేకపోయేవాడు. నాకు కావలసిందీ అదే.

సంతకం పెట్టేముందు ఒక పని మిగిలింది. గుట్ట మీద వచ్చినవాళ్ళకు కథ చెప్పేది మా కోడలు. సంఘం ఆమెకు ఆ పని ఇచ్చింది. మా ఆవిడా ఆ పిల్లా ఒకే వంటింట్లో ఇరవై రెండేళ్ళు, గరిటె ఏ మేకుకు తగిలించాలన్న దాని మీద పోట్లాడుకున్నవాళ్ళు. అత్తగారు పోయాక అదే అత్తగారిని దేవతను చేసి జనానికి ఏం కోతలు కోస్తోందో నా చెవులతో విని, అది కూడా రాయించి, అప్పుడు సంతకం పెడదామనుకున్నాను. తలకు తువ్వాలు చుట్టుకుని, పూర్తి ధర టికెట్టు కొని, ఒక గుంపు వెనక నిలబడ్డాను.

మూడు వేల ఏళ్ళ సంగతి చెప్పింది, బాగానే చెప్పింది. చివరి రాయి దగ్గరకొచ్చాక ఎవరో అడిగారు, ఇంతకీ ఈ దేవత ఏమంటుందండీ అని. ఫోను పైకెత్తి పట్టుకున్న ఒకతనితో మా కోడలు, "'వచ్చినవాడివి మనిషి మొహం చూసి మాట్లాడు, ఆ చేతిలోది ఎక్కడికీ పోదు' అంటుందండీ" అంది. పక్కనే కీచులాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలతో, "'ముందు ఇద్దరూ ఏదైనా తినండి, కడుపులో పడ్డాక ఎవరిది తప్పో అప్పుడు చూద్దాం' అంటుందండీ" అంది. అందరూ నవ్వారు. అవి మా ఆవిడ మాటలు. ఆ ముక్కుతో లాగడం, చివర ఆ చిన్న నిట్టూర్పు, అన్నీ ఆవిడవే. మా కోడలు ఒక్క మాటా కల్పించలేదు. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినవన్నీ ఆ పిల్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. తిట్లు తిన్నది తను కదా మరి.

గుంపు చివర ఒక పెద్దావిడ ఉంది. గుట్టెక్కి ఆయాసపడుతోంది, ఒక కాలు మీద బరువు వేసి నిలబడింది, ఏమీ అడగలేదు. మా కోడలే ఆవిడ వైపు తిరిగి, "'ఎంతసేపని నిలబడతావే, కాళ్ళు లాగవూ? ఇలా వచ్చి కూర్చో' అంటోందండీ" అంది.

ఆ మాట నాకు తెలుసు. మా కోడలు మా ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం అందరం గుట్టెక్కాం. ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆ పిల్ల కొంగు నలుపుకుంటూ నిలబడింది. మా ఆవిడ తన రాయి మీద సగం జరిగి, విసుగ్గా అన్న మాట అది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎన్ని మాటలనుకున్నారో లెక్కలేదు. ఆ పిల్ల మొదటిది దాచుకుంది.

మా కోడలు ఆ మాట అని ఊరుకోలేదు. రాయి చుట్టూ కట్టిన తాడు పైకెత్తి పట్టుకుంది. కాపలావాడు చూశాడు, చూసి అటు తిరిగి వాగువైపు ఏదో పనున్నట్టు నడిచాడు. ఇది వాళ్ళకు అలవాటేనని అర్థమైంది. ఆ పెద్దావిడ వెళ్ళి రాయి మీద కూర్చుని, అమ్మయ్య అంది. మా ఆవిడకు దక్కనిది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి దక్కితే నాకు కోపం రావాలి. రాలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయాను.

కాబట్టి పై ఆస్తిని, అనగా చివరి మూడు రాళ్ళతో సహా గుట్ట మీది బీడును, నా తదనంతరం మా కోడలికి, ఆమె సొంతానికి, ఆమె భర్తకు గానీ సంఘానికి గానీ ఏ విధమైన హక్కూ లేకుండా దఖలుపరుస్తున్నాను. షరతులు: అక్కడ ఏ కట్టడమూ లేవకూడదు. చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక చీకటి పడేదాకా గేటు తీసి ఉంచాలి. ఊరివాళ్ళు తమ తమ రాళ్ళ మీద కూర్చోవాలి, ఇంకా అలవాటుంటే. ఇప్పట్లా బస్సు షెడ్డులో కూర్చుని, సంఘం అచ్చేసిన క్యాలెండరు మీద గుట్ట బొమ్మ చూసుకోవడం కన్నా అది మేలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు టికెట్టు లేదు. గొణుగుడమ్మ దేవత కాదని చెప్పే హక్కు నాకూ, నా వారసులకూ ఉన్నప్పటికీ, ఆ హక్కును నేను ఇందుమూలంగా వదులుకుంటున్నాను. బోర్డు అలాగే ఉండనివ్వండి.

మా అబ్బాయి దీని మీద కోర్టుకు వెళ్ళవచ్చు. వెళ్ళేముందు ఒక సాయంత్రం గుట్టెక్కి, వాళ్ళమ్మ రాయి మీద కూర్చుని ఇంటివైపు చూడాలని నా కోరిక. షరతు కాదు, కోరికే. అక్కడ కూర్చుంటే మన వీధి తలుపు కనిపిస్తుందిరా. నువ్వు రాత్రి దుకాణం కట్టేసి ఇంటికి చేరావో లేదో ఆవిడ అక్కణ్ణుంచే చూసేది.

9. నా గురించి. పెద్ద ఏర్పాట్లేమీ వద్దు. సంఘం తరఫున దండ వద్దు, ప్రసంగం అసలు వద్దు. నా పేరు మీద గుట్ట మీద ఇంకో బోర్డు పెట్టకూడదు.

గొణుగుడమ్మ రాయి పక్కన ఇంకో రాయి ఉంది. కాస్త పొట్టిది, పైన గుంట పడినట్టుంటుంది. బోర్డు రాయడానికి వచ్చినరోజు నేను షెడ్డులో ఒక బస్తీ పిల్ల సైకిలుకు బ్రేకులు బిగిస్తున్నాను. దాని పేరు చెప్పేవాళ్ళు లేకపోయారో, చెప్పేంత పేరు లేకపోయిందో, దాని ఎదురుగా "పేరు తెలియదు" అని రాశారు. అది నాది. అది కూడా మార్చనక్కర్లేదు.

కోడలా, ఒక్క సాయం చేసిపెట్టు. ఎవరైనా ఆ రాయి చూపించి అడిగితే, అక్కడ ఒకాయన కూర్చునేవాడట, ఆవిడ అన్న ప్రతి మాటా వినేవాడట, అని చెప్పమ్మా. నిజమేమిటో నీకు తెలుసు, ఒకే ఇంట్లో ఉన్నదానివి. ఈ కాగితం నిండా అందరి అబద్ధాలనూ ఎత్తిపొడిచాను. నా కోసం ఈ ఒక్కటి చెప్పు.

పైన రాసినదంతా ప్లీడరు గారి గుమాస్తా చదివి వినిపించగా విని, రెండు చోట్ల దిద్దించి, మూడో చోట దిద్దవద్దని చెప్పి, నా చేత్తో సంతకం పెడుతున్నాను.

తేదీ: ఆగస్టు పదకొండు, మంగళవారం, ఉదయం. సంవత్సరం స్టాంపు కాగితం మీద ఉంది.

(సంతకం)
సైకిలు షెడ్డు యజమాని, గొణుగుడమ్మ భర్త

సాక్షులు:

1. దర్జీ. వీలునామా రాయించిన ఆయన మా ఎదుట, పూర్తి తెలివితో, మధ్యలో ఒకసారి లేచి బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి సంతకం చేశారు.

2. తంపులమారి వదిన (వేలిముద్ర). రేడియో విషయంలో తన అభ్యంతరం రాసుకోమని చెప్పినందున రాయడమైనది. మిగతాదంతా నిజమేననీ, మరిది గొణుగుడమ్మ మాట ఏ రోజూ విన్న పాపాన పోలేదనీ, అయినా కోడలు అలా చెబితే తాను నోరు మూసుకుంటాననీ ఒప్పుకున్నారు.